ఫోల్డర్‌ను గమనించే సర్వీసు: వాచరా, స్కానా, ఏది మేలు?

ఒక ఫోల్డర్‌లో మారిన ఫైళ్లను మరోచోటికి కాపీ చేసే విండోస్ సర్వీసు (తెర వెనక నడుస్తూ ఉండే ప్రోగ్రాం) రాయబోయేవాళ్లంతా అడిగే ప్రశ్న ఒకటే: ఫైలు మారగానే ఈవెంట్ (మార్పు జరిగిందనే కబురు) పంపే .నెట్ భాగం ఫైల్‌సిస్టమ్‌వాచర్ పెట్టుకోవాలా, కొన్ని నిమిషాలకోసారి ఫోల్డర్ మొత్తం స్కాన్ చేయాలా? వేగం చూసి చాలామంది వాచర్ వైపే మొగ్గుతారు. నేను చూసేది వేరు. ఒక మార్పు కన్నుగప్పి జారిపోతే, అది మళ్లీ ఎప్పుడు దొరుకుతుంది?

వాచర్‌లో అయితే ఎప్పటికీ దొరక్కపోవచ్చు. సర్వీసు ఆగి ఉన్నంతసేపూ మారినవాటి సంగతి దానికి తెలియదు. నడుస్తున్నప్పుడు కూడా భరోసా లేదు. ఈవెంట్లు అందేదాకా నిలిచే మెమరీ, అంటే దాని బఫర్, డిఫాల్ట్‌గా 8 కేబీ, ఎంత పెంచినా 64 కేబీ దాటదు. ఒక్కో ఈవెంట్‌కు 16 బైట్ల వరకు పడుతుంది, ఫైలు పేరు దానికి అదనం. వేల ఫైళ్లున్న జిప్‌ను అక్కడ విప్పారంటే బఫర్ పొంగిపోతుంది. అప్పుడు ఎర్రర్ ఈవెంట్ వస్తుంది గానీ, ఏయే ఫైళ్లు తప్పిపోయాయో అది చెప్పదు. ఆ ఈవెంట్‌కు హ్యాండ్లరే (ఈవెంట్ రాగానే నడిచే కోడ్) రాయకపోతే లాగ్‌లో కూడా జాడ ఉండదు. ఫిల్టర్‌లో ఒకే ఎక్స్‌టెన్షన్ ఇచ్చినా బఫర్ మీద భారం తగ్గదు, ఎందుకంటే వడపోత బఫర్ దాటాకే జరుగుతుంది. నెట్‌వర్క్ షేర్ తెగితే వాచర్‌ను పారేసి కొత్తది సృష్టించాల్సిందే.

స్కాన్‌కు ఈ బెంగ లేదు. ఇప్పుడు తప్పిపోయిన ఫైలు తర్వాతి విడతలో పట్టుబడుతుంది. సైజునూ చివరిగా మారిన సమయాన్నీ గమ్యంలోని కాపీతో పోల్చితే చాలు. గమ్యం ఫ్యాట్ డ్రైవ్ అయితే మాత్రం 2 సెకన్ల తేడాను వదిలేయాలి, ఆ ఫైల్ సిస్టమ్ అంతకంటే సూక్ష్మంగా సమయాన్ని దాచుకోదు. స్కాన్‌తో ఇబ్బందల్లా ఆలస్యమూ, లక్షల ఫైళ్లుంటే డిస్క్ మీదా నెట్‌వర్క్ మీదా పడే భారమూ.

అందుకే స్కాన్‌నే పునాదిగా పెట్టుకుని, వాచర్‌ను తొందరపెట్టే సూచనగా మాత్రమే వాడటం మేలని నా అభిప్రాయం. సర్వీసు మొదలవగానే ముందు వాచర్‌ను ఆన్ చేసి, ఆ వెంటనే పూర్తి స్కాన్ నడపాలి. ఈ వరుస తిరగబడితే ఆ రెండింటి మధ్య మారిన ఫైలు తర్వాతి స్కాన్ దాకా ఆగిపోతుంది. ఆపై 15 నిమిషాలకోసారి స్కాన్, ఎర్రర్ ఈవెంట్ వచ్చినా వెంటనే స్కాన్. ఒకే సేవ్‌కు చేంజ్డ్ ఈవెంట్ రెండు మూడుసార్లు రావడం మామూలే. కాబట్టి హ్యాండ్లర్‌లో కాపీ చేయొద్దు. ఫైలు పాత్‌ను జాబితాలో వేసి, 2 సెకన్లు అలికిడి లేకపోతే అప్పుడు కాపీ చేసే వర్కర్‌కు అప్పగించాలి.

రెండు దారుల్లోనూ తప్పని జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. పెద్ద ఫైలు రాయడం పూర్తికాకముందే క్రియేటెడ్ ఈవెంట్ వచ్చేస్తుంది, స్కాన్‌కూ సగం ఫైలు దొరకొచ్చు. ఎవరితోనూ పంచుకోకుండా ఫైల్‌షేర్.నన్‌తో తెరిచి చూడండి; తెరుచుకోకపోతే దాన్ని మళ్లీ జాబితాలోకి నెట్టండి. గమ్యంలో తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాకే అసలు పేరుకు మార్చండి.

తొలగింపుల దగ్గర మరీ జాగ్రత్త. మూలంలో లేని ఫైళ్లను గమ్యంలోనూ తొలగించేలా రాస్తే, మూలం డిస్క్ మౌంట్ కాక (సిస్టమ్‌కు జతపడక) ఫోల్డర్ ఖాళీగా కనబడినప్పుడు, గమ్యంలోని కాపీలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. మూలంలో ఒక గుర్తు ఫైలు ఉంచి, అది కనిపించకపోతే ఆ విడత స్కాన్‌ను వదిలేయడం తేలికైన రక్ష.

కోడ్ రాయడం ఇష్టం లేకపోతే టాస్క్ షెడ్యూలర్‌లో విండోస్ కాపీ కమాండ్ రోబోకాపీ పెట్టుకుంటే సరిపోతుంది. దాని డిఫాల్ట్ రీట్రైలు 10 లక్షలు, ఒక్కోదానికి మధ్య 30 సెకన్లు. అవి తగ్గించకపోతే లాక్ అయిన ఒక్క ఫైలు దగ్గరే కూర్చుండిపోతుంది. ముగిశాక అది ఇచ్చే ఎగ్జిట్ కోడ్ 8 కంటే తక్కువైతే విఫలమైనట్టు కాదు.

లైనక్స్‌లో వాచర్ పనిచేసే ఐనోటిఫైకీ ఇదే కథ: క్యూ నిండితే ఈవెంట్లు పోతాయి, పైగా సబ్‌ఫోల్డర్లకు విడివిడిగా వాచ్‌లు పెట్టుకోవాలి. రాసి మూసేశాక వచ్చే క్లోజ్ రైట్ ఈవెంట్ మాత్రం విండోస్ వాచర్‌లో లేని సౌకర్యం.