ఎస్కేప్ గేర్ కేబుల్ బుషింగ్ రీకాల్: పని బాగుంది, కబురు చేరే తీరే బాలేదు

అమెరికాలో పాత ఫోర్డ్ ఎస్కేప్, ఫ్యూజన్ నడుపుతున్న తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. గేర్ కేబుల్ కొసను పట్టి ఉంచే చిన్న ప్లాస్టిక్ ముక్క (బుషింగ్) లోపానికి ఫోర్డ్ ఇచ్చిన రీకాల్, అంటే కంపెనీయే ఉచితంగా చేసే మరమ్మతు, మా కారుకి ఈ వేసవిలో చేయించాం. చేసిన పనికి అయిదుకి అయిదు ఇస్తాను. ఇలాంటి రీకాల్ ఉందన్న సంగతి సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్ళకి తెలిసే పద్ధతికి మాత్రం రెండుకి మించి ఇవ్వలేను.

మాది 2014 ఎస్కేప్. ఉండేది పిట్స్‌బర్గ్ పక్కన మన్రోవిల్‌లో. ఈ ఊళ్ళో చదునుగా ఉండే చోటు వెతుక్కోవాలి. బీచ్‌వ్యూలో క్యాంటన్ అవెన్యూ అని ఒక వీధి ఉంది, దాని వాలు 37 శాతం. మా డ్రైవ్‌వే అంత కాదుగానీ గరాజ్ తలుపు నుంచి రోడ్డు దాకా కిందికే. పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి కూడా కొండవాలు మీదే. శనివారం అక్కడికి వెళ్తే ఒక పెద్దావిడ డిక్కీలోంచి పులిహోర గిన్నె దింపుతూ ఉంటుంది, పిల్లలు బంపర్‌కి ఆనుకుని నిలబడి ఉంటారు. ఆ కారు ‘పి’లో (పార్క్ గేర్‌లో) ఉందని డ్రైవర్ అనుకుని, నిజానికి లేకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ లోపం అచ్చంగా అదే. మనం గేర్ లివర్‌ని ‘పి’లోకి తోసినప్పుడు ఒక కేబుల్ ఆ కదలికను ఇంజన్ గదిలో ఉన్న గేర్‌బాక్స్ దాకా తీసుకెళ్తుంది. అక్కడ లోపల ఒక చిన్న ఇనుప కొక్కెం పళ్ళ చక్రంలో పడి చక్రాలను కదలనివ్వదు. కేబుల్ కొసను గేర్‌బాక్స్‌కి పట్టి ఉంచేది ఒక ప్లాస్టిక్ బుషింగ్. వేడికి, తేమకి అది పెళుసై విరిగిందంటే లివర్‌కీ గేర్‌బాక్స్‌కీ సంబంధం తెగిపోతుంది. లివర్ ‘పి’లో ఉంటుంది, తాళం చెవి బయటికి వచ్చేస్తుంది, తలుపు తీసినా ఏ హెచ్చరికా మోగదు. లోపల గేర్‌బాక్స్ ఇంకా డ్రైవ్‌లోనో రివర్స్‌లోనో ఉండొచ్చు. నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఆ హెచ్చరిక లేకపోవడమే.

2022 జూన్‌లో ఫోర్డ్ ఈ రీకాల్ ప్రకటించినప్పుడు అమెరికాలో దాదాపు 29 లక్షల బండ్లు లెక్కలోకి వచ్చాయి. అప్పటికి నలుగురికి దెబ్బలు తగిలినట్టు, ఆరుచోట్ల ఆస్తి నష్టం జరిగినట్టు ఫిర్యాదులు ఉన్నాయి. ఇదే బుషింగ్ మీద 2018లోనే మొదటి రీకాల్ వచ్చింది, తర్వాత మరిన్ని మోడళ్ళు కలుస్తూ పోయాయి. 2022 నాటికి ఎస్కేప్ 2013 నుంచి 2019 దాకా, ఫ్యూజన్ 2013 నుంచి 2016 దాకా, సి-మ్యాక్స్ 2013 నుంచి 2018 దాకా, ఎడ్జ్ 2015 నుంచి 2018 దాకా, ట్రాన్సిట్ కనెక్ట్ 2013 నుంచి 2021 దాకా జాబితాలో చేరాయి.

మాకు ఈ కారు అమ్మిన సెకండ్ హ్యాండ్ డీలర్ ఇందులో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. టైర్లు కొత్తవని చూపించాడు, సీట్లు వేడెక్కుతాయని చూపించాడు. రీకాల్ పని పూర్తికాని కొత్త కారుని అమ్మకూడదు. 35 లేదా అంతకు మించి బండ్లున్న అద్దె కంపెనీలు అలాంటి కారుని అద్దెకి ఇవ్వకూడదు. పాత కారు అమ్మేవాళ్ళని ఆపే ఫెడరల్ చట్టం మాత్రం లేదు. వారాంతానికి కారు అద్దెకి తీసుకునేవాడికి ఉన్న రక్షణ, దాచుకున్న డబ్బంతా పెట్టి పాత కారు కొనుక్కునే విద్యార్థికి లేకపోవడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. రెండు మార్కులే ఇచ్చింది అందుకే.

సంగతి బయటపడింది మా నాన్న వల్ల. విశాఖ నుంచి వచ్చారు. సింహాచలం కొండ మీద కారు ఆపితే గేర్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, టైరు కింద రాయి పెట్టనిదే ఆయన పక్కకి కదలరు. ఇక్కడ నేను ‘పి’లో పెట్టి దిగబోతుంటే, “హ్యాండ్ బ్రేక్ వెయ్యలేదేంటమ్మా?” అన్నారు. ‘పి’ అంటే లాక్ అయినట్టే నాన్నా అన్నాను. “ఆ లాక్ పడిందని నీకెలా తెలుస్తుంది?” అని అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే అమెరికా రోడ్డు భద్రతా సంస్థ (NHTSA) వెబ్‌సైట్‌లో మా కారు విన్ నంబర్, అంటే ప్రతి కారుకీ విడిగా ఉండే 17 అక్షరాల గుర్తింపు సంఖ్య, కొట్టి చూశాను. ముందు అద్దం అడుగున డ్రైవర్ వైపు, బయటి నుంచే కనిపిస్తుంది ఆ నంబర్. బుషింగ్ రీకాల్ పెండింగ్ అని వచ్చింది.

సర్వీస్ సెంటర్‌లో పని తొందరగానే అయింది. అపాయింట్‌మెంట్ అడిగినప్పుడే సామాన్లు ఉన్నాయో లేవో చూసి చెప్పారు. ప్రకటించిన కొత్తలో సామాన్లు దొరక్క, అవి వచ్చేదాకా హ్యాండ్ బ్రేక్ తప్పకుండా వెయ్యమని యజమానులకి ముందస్తు ఉత్తరాలు మాత్రమే వెళ్ళాయి. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. మెకానిక్ కుర్రవాడు అడగ్గానే పాత బుషింగ్ తెచ్చి చేతిలో పెట్టాడు. రూపాయి బిళ్ళంత ఉంది. మాది విరగలేదు, పగులు కూడా లేదు. అయినా గోరుతో నొక్కి చూస్తే మెత్తదనమే లేదు, గట్టిపడిపోయి ఉంది. కొత్తది వేసి, మీద వేడి, తేమ తగలకుండా ఒక మూత బిగించాడు. బిల్లులో రీకాల్ అని రాసి, ఎదురుగా సున్నా డాలర్లు వేశారు. ఆ కాగితం దాచుకోండి, కారు అమ్మేటప్పుడు పనికొస్తుంది.

ఒక్కటి నచ్చలేదు. సర్వీస్ సలహాదారు ఫోన్‌కి వీడియో పంపి, ఏసీ ఫిల్టర్ మార్చాలి, బ్రేక్ ఫ్లూయిడ్ మార్చాలి అని జాబితా చదివాడు. రీకాల్ పనికి వాటితో సంబంధం లేదు. వద్దంటే వద్దని గట్టిగా చెప్పండి, రీకాల్ పని ఆపరు. నేను మాత్రం హ్యాండ్ బ్రేక్ కేబుల్ చూడమని అడిగాను. ఇక్కడ చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి అడుగు భాగాలన్నీ తుప్పు పడతాయి. బాగానే ఉందని చెప్పారు.

బుషింగ్ మార్చాక కూడా మా ఇంట్లో అలవాటు మారింది. వాలు మీద ఆపినప్పుడు కాలు బ్రేక్ మీదే ఉంచి, ‘ఎన్’ (న్యూట్రల్)లోకి తెచ్చి, హ్యాండ్ బ్రేక్ లాగి, కాలు కొంచెం వదిలి బండి బరువు బ్రేక్ మీద నిలబడిందని చూసుకుని, అప్పుడు ‘పి’లో పెడతాం. గేర్‌బాక్స్ కొక్కెం మీద బరువు పడదు. పొద్దున్నే ‘పి’లోంచి తీసేటప్పుడు వచ్చే ఆ ‘ఠక్’ చప్పుడు కూడా పోయింది.

ఇదంతా అతిజాగ్రత్త అనేవాళ్ళు ఒక విషయం గుర్తుంచుకోవాలి. 2016 ఏప్రిల్‌లో జీప్ కార్ల కంపెనీ ఫియట్ క్రైస్లర్ ప్రపంచవ్యాప్తంగా 11 లక్షల బండ్లకి రీకాల్ ప్రకటించింది. అక్కడి ఇబ్బంది వేరు. లివర్ ప్రతిసారీ మధ్యలోకే తిరిగి వచ్చేస్తుంది, ఏ గేర్‌లో ఉందో చేతికి తెలియదు. రెండు నెలలకి నటుడు ఆంటన్ యెల్చిన్ లాస్ ఏంజెలెస్‌లో తన ఇంటి వాలు డ్రైవ్‌వేలో, ఆ రీకాల్‌లోనే ఉన్న తన జీప్ గ్రాండ్ చెరోకీకీ గేటు స్తంభానికీ మధ్య నలిగి చనిపోయాడు. ఆయనకి 27 ఏళ్ళు.

ఇండియాలో కార్లున్నవాళ్ళకి కూడా ఇప్పుడు చట్టం అండ ఉంది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 110ఎ సెక్షన్ కింద లోపమున్న బండ్లను వెనక్కి పిలవమని ప్రభుత్వం కంపెనీని ఆదేశించవచ్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు అమల్లోకి వచ్చాయి.

అమెరికాలో రీకాల్ పని ఎంతోమంది చేతులు మారిన కారుకైనా ఉచితమే, రీకాల్ ప్రకటించే నాటికి ఆ కారు మొదటిసారి అమ్ముడై 15 ఏళ్ళు దాటకపోతే చాలు. 2022లో ప్రకటించిన ఈ రీకాల్‌కి 2013 ఎస్కేప్ కూడా ఆ లెక్కలోకి వస్తుంది. ఈ వారంలోనే విన్ నంబర్ కొట్టి చూసుకోండి.