మలయాళ దర్శకుల సినిమాలు చూడాలంటే అడూర్‌తో మొదలుపెట్టాలా, అరవిందన్‌తోనా?

అడూర్ గోపాలకృష్ణన్ పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివి, 1972లో ‘స్వయంవరం’తో వచ్చారు. స్క్రిప్టు పక్కాగా సిద్ధమయ్యాకే ఆయన షూటింగ్. ‘ఎలిప్పత్తాయం’ (1981)లో అక్కచెల్లెళ్ల బట్టలకు ఒక్కొక్కరికీ ఒక్కో రంగు. అది గమనిస్తే పాత్రలు తేలిగ్గా అందుతాయి. కొత్తవాళ్లు ఇక్కడే మొదలుపెట్టాలి.

అరవిందన్‌ది వేరే దారి. సినిమా బడి లేదు. రబ్బర్ బోర్డులో ఉద్యోగం, మాతృభూమి వారపత్రికలో ఏళ్లపాటు కార్టూన్లు. మనకు దగ్గరైన సినిమా ‘కాంచనసీత’ (1977): చిత్రీకరణ ఆంధ్రప్రదేశ్‌లో, రామలక్ష్మణులుగా రామచెంచు గిరిజనులు. ఎంత ధైర్యం! సీత మనిషిగా కనిపించదు, గాలిలో, చెట్లలో, నీటిలో ఉంటుంది. సంభాషణల కోసం ఎదురుచూసేవాళ్లు మధ్యలోనే లేచిపోతారు. అందుకే ముందు సర్కస్ బృందం మీద తీసిన ‘తంపు’ (1978) చూసి, తర్వాత దీనికి రండి.