స్కూబా డైవింగ్‌కి చవక కెమెరా ఏది కొనాలి: నేను వాడిన మూడింటి గురించి

ముందే చెప్పేస్తాను. డైవింగ్‌కి కెమెరా కొనాలని నన్ను అడిగినవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే: కెమెరా కోసం తీసి పెట్టుకున్న డబ్బులో మూడో వంతు పక్కన పెట్టి దాంతో మంచి హౌసింగ్ (నీళ్లు చొరకుండా కెమెరా చుట్టూ వేసే గట్టి డబ్బా), ఒక లైటు కొనండి, మిగిలిన దానికి ఏ కెమెరా వస్తే అది తీసుకోండి. నాలుగేళ్లలో నేను మూడు కెమెరాలు వాడాను. ఒకటి సముద్రంలోనే పోయింది, ఒకటి ఇప్పటికీ వీడియోలకి వాడుతున్నాను, మూడోది నాకు ప్రాణం. మూడూ కలిపినా ఒక మంచి ఫోన్ ధర దాటలేదు.

మొదటిది కోఠి గుజరాతీ గల్లీలో 6,500 పెట్టి కొన్న యాక్షన్ కెమెరా. పేరు చెప్పను, అలాంటివి డజను రకాలు దొరుకుతాయి. కెమెరా ఒంటికి నీళ్లు తగలకూడదు, దాంతో పాటు ఇచ్చే ప్లాస్టిక్ కేసే దానికి రక్షణ. కేసు మీద 30 మీటర్లని రాసి ఉంది. కొట్టతను "ఏం గాదన్నా, స్విమ్మింగ్ పూల్‌ల కూడా తీస్తున్నరు" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు, పూల్‌లో నిజంగానే ఏమీ కాదు. పూల్‌కీ సముద్రానికీ తేడా ఎక్కడ వస్తుందంటే ఒత్తిడిలో. సముద్రంలో ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణ పీడనం అదనంగా మీద పడుతుంది, అంటే పైన ఒకటి ఉంటే 10 మీటర్ల దగ్గర రెండు, 20 దగ్గర మూడు. ఆ బరువంతా కేసు మూతకీ డబ్బాకీ మధ్య ఉన్న ఒక సన్నటి రబ్బరు రింగు ఆపాలి.

శంషాబాద్‌లో పొద్దున్నే ఫ్లైటెక్కి అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్, అక్కణ్ణించి పడవలో హావ్‌లాక్ దీవి. ఆ మొదటి ట్రిప్పులో కేసు బాగానే పనిచేసింది, కానీ గదికొచ్చి వీడియోలు చూస్తే అంతా నీలం. నా కళ్లతో చూసిన చేపలు పసుపు, నారింజ, ఎరుపు. వీడియోలో అన్నీ బూడిద రంగు చేపలు, నీలం పగడాలు. కెమెరా చవకది కాబట్టి ఇలా వచ్చిందేమో అనుకుని చాలా బాధపడ్డాను. తప్పు కెమెరాది కాదు, నీళ్లు ఎరుపుని మింగేస్తాయి. అయిదారు మీటర్లు దిగేసరికే ఎరుపు చాలావరకు పోతుంది, ఆ తర్వాత నారింజ, ఇంకా కిందకి వెళ్తే పసుపు. మన మెదడు ఆ లోటుని కొంత సర్దేసుకుంటుంది కాబట్టి మనకి రంగులు కనిపిస్తున్నట్టే ఉంటుంది, కెమెరాకి ఆ తెలివి లేదు. లక్ష రూపాయల కెమెరా తీసుకెళ్లినా లైటు లేకపోతే నీలమే వస్తుంది. ఈ ఒక్క విషయం ముందే తెలిసి ఉంటే నేను మొదటి రోజే లైటు కొనేవాణ్ణి.

రెండో ట్రిప్పులో అదే కేసు. 14 మీటర్ల దగ్గర గొళ్లెం పక్కనుంచి సన్నటి బుడగల వరస పైకి వెళ్లడం చూశాను. అప్పటికే లోపల రెండు వేళ్ల ఎత్తు నీళ్లు. బయటికొచ్చాక చూస్తే రబ్బరు రింగు మీద ఒక్క వెంట్రుక అడ్డం పడి ఉంది. ఒకే ఒక్కటి. పడవలో కేసు తెరవగానే బ్యాటరీ వేడెక్కడం మొదలైంది, అది చూసి నిజంగా టెన్షన్ పడ్డాను. ఉప్పునీళ్లు తగిలిన లిథియం బ్యాటరీ ప్రమాదం. మీకూ ఇలా అయితే చేయాల్సింది ఇది: ఆన్ అవుతుందేమో అని బటన్ నొక్కి చూడకండి, వెంటనే బ్యాటరీ తీసి దూరంగా, మంటకి అంటుకునేవి ఏవీ లేనిచోట పెట్టండి, మెమరీ కార్డు తీసి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. కెమెరా దక్కదు, కార్డులో ఉన్నవి చాలాసార్లు దక్కుతాయి. నావి దక్కాయి. బియ్యం డబ్బాలో పెడితే బాగవుతుందని ఎవరన్నా చెబితే నమ్మకండి, ఉప్పు లోపలే ఉండి తినేస్తుంది.

రెండోది పాత గోప్రో హీరో 7 బ్లాక్. కూకట్‌పల్లిలో ఒకాయన అమ్ముతుంటే, 60 మీటర్ల హౌసింగ్‌తో కలిపి తీసుకున్నాను. 2018లో వచ్చిన మోడల్, ఇప్పుడు ఎవరూ కొత్తగా కొనరు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో దిగొస్తుంది. దీనికి హౌసింగ్ లేకుండా 10 మీటర్లే హద్దు. ఇది గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే పెట్టె మీద వాటర్‌ప్రూఫ్ అన్న మాట చూసి నేరుగా నీళ్లలోకి తీసుకెళ్లేవాళ్లని నేను పడవ మీద ప్రతిసారీ చూస్తున్నాను. కోర్సు ఏమీ చేయకుండా ఇన్‌స్ట్రక్టర్ చేయి పట్టుకుని చేసే మొదటి డైవ్‌కే హద్దు 12 మీటర్లు. ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సు చేస్తే 18, దాని తర్వాతి అడ్వాన్స్‌డ్ చేస్తే 30. అంటే మొదటి రోజే మీరు ఆ 10 మీటర్లు దాటేయొచ్చు.

వీడియోకి ఈ పాత గోప్రో చాలా బాగుంది. చేయి వణికినా, కెరటం ఊపినా వీడియో కదలకుండా నిలబడుతుంది, తాబేలు పక్కన ఈదుతూ తీసిన రెండు నిమిషాల వీడియో మా ఇంట్లో టీవీలో వేసి చూపిస్తే మా అమ్మ కళ్లు తిప్పలేదు. టచ్ స్క్రీన్ నీళ్లలో పనిచేయదు కాబట్టి సెట్టింగ్స్ అన్నీ పైనే పెట్టుకుని దిగాలి, కింద ఒక్క షట్టర్ బటనే మీది. ఫొటోల దగ్గరికి వస్తే మాత్రం తృప్తి లేదు. ఇలాంటి యాక్షన్ కెమెరాల్లో చాలావాటికి ఫోకస్ ఒకేచోట స్థిరంగా ఉంటుంది, బొటనవేలంత జీవిని దగ్గరగా తీయబోతే మసకే. నాకు చిన్నవే ఇష్టం.

దీనికి నేను ఎర్ర ఫిల్టర్ తగిలించాను, కొన్ని వందలే. నీళ్లు నీలంగా, తేటగా ఉండే హావ్‌లాక్ లాంటి చోట, సుమారు 5 నుంచి 15 మీటర్ల మధ్య, ఎండ బాగా ఉన్నప్పుడు ఆ ముక్క ప్లాస్టిక్ చేసే మేలు చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. విశాఖ రుషికొండ వైపు నీళ్లు పచ్చగా ఉన్న రోజున అదే ఫిల్టర్ పెడితే రంగులు పాడైపోయాయి. పచ్చ నీళ్లకి మెజెంటా ఫిల్టర్ కావాలి. ఇంకొకటి, లైటు వేసినప్పుడు ఫిల్టర్ తీసేయండి, రెండూ కలిపి వాడితే చేపలన్నీ కుంకుమలో ముంచినట్టు వస్తాయి.

మూడోది ఒలింపస్ టీజీ-6. 2019లో వచ్చింది. దీని తర్వాతి టీజీ-7 2023లో ఓఎం సిస్టమ్ పేరుతో వచ్చింది గానీ, నాకు తెలిసినంతలో పాతది ఉన్నవాళ్లు మార్చాల్సినంత తేడా లేదు. ఇదీ నేను సెకండ్ హ్యాండ్‌లోనే కొన్నాను, హౌసింగ్ మాత్రం కొత్తది తీసుకున్నాను. ఆ విషయంలో బేరం వద్దు అని మొదటి కెమెరా నేర్పింది. కెమెరా ఒంటిగా 15 మీటర్లు తట్టుకుంటుంది, దీనికోసమే చేసిన పీటీ-059 హౌసింగ్‌లో పెడితే 45 మీటర్లు. నా ఓటు దీనికే, కారణం ఒక్కటే, మైక్రోస్కోప్ మోడ్. లెన్స్ ముందు ఒక సెంటీమీటర్ దూరంలో ఉన్నదాన్ని కూడా ఇది పట్టుకుంటుంది. గోరంత న్యూడిబ్రాంక్, అంటే పెంకు లేని సముద్రపు నత్త, దాని వీపు మీద పువ్వులా విచ్చుకున్న మొప్పలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తాయి. సముద్రం అంటే తిమింగలాలూ సొరచేపలూ అనుకునే మా ఆఫీసు వాళ్లకి ఆ ఫొటో చూపిస్తే ఇది నిజంగా జంతువేనా అని అడిగారు.

నీళ్లలో వాడేందుకు విడిగా మోడ్‌లు ఉన్నాయి, లోతుని బట్టి వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల సర్దుబాటు, మూడు రకాలుగా పెట్టుకోవచ్చు, కెమెరా మార్చని రా ఫైలు కూడా ఇస్తుంది కాబట్టి ఇంటికొచ్చాక రంగులు సర్దుకోవడానికి చోటు ఉంటుంది. లోటు కూడా చెప్పాలి. సెన్సార్ చిన్నది, మబ్బు పట్టిన రోజున లైటు లేకుండా తీస్తే చుక్కలు చుక్కలుగా వస్తుంది. వీడియో గోప్రో అంత నిలకడగా ఉండదు. హౌసింగ్‌తో కలిపితే చేతిలో ఇటుక పట్టుకున్నట్టు ఉంటుంది.

మా పెద్దమ్మ కొడుకు దగ్గర డీజేఐ ఆస్మో యాక్షన్ 4 ఉంటే ఒక రోజు అడిగి తీసుకున్నాను. హౌసింగ్ లేకుండానే 18 మీటర్లని కంపెనీ చెబుతుంది, రంగు ఉష్ణోగ్రతని కొలిచే సెన్సార్ విడిగా ఉంది, అందుకే నీళ్లలో రంగులు మిగతా యాక్షన్ కెమెరాల కంటే సహజంగా వచ్చాయి. వీడియో మాత్రమే కావాలి, కొత్తదే కొనాలి అనుకునేవాళ్లు కళ్లు మూసుకుని అది తీసుకోవచ్చు. అయినా 18 మీటర్ల డైవ్‌కి 18 మీటర్ల కెమెరాని ఒంటిగా తీసుకెళ్లకండి, హౌసింగ్ వేయండి.

ఫోన్ సంగతి చాలామంది అడుగుతారు. ఫోన్ నీళ్లని తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 అన్న గుర్తు కదలని మంచినీళ్లలో, కంపెనీ చెప్పిన కొద్దిపాటి లోతులో చేసిన పరీక్ష. మెడలో వేసుకునే ప్లాస్టిక్ పౌచ్ పైపైన ఈదడానికి, డైవింగ్‌కి కాదు. డైవింగ్ కోసమే చేసిన ఫోన్ హౌసింగ్‌లు ఉన్నాయి, మంచివే, కానీ మీ బ్యాంకూ ఫొటోలూ ఆధార్ కాపీలూ అన్నీ ఉన్న ఫోన్‌ని ఒక రబ్బరు రింగు మీద భరోసాతో 15 మీటర్ల కిందకి పంపడం నాకు ఇష్టం లేదు.

ఇక లైటు. నాది 1,500 ల్యూమెన్లని (వెలుగు కొలత) రాసి ఉన్న వీడియో లైటు. టార్చిలా సన్నటి కిరణం వచ్చేది కొనకండి, మధ్యలో తెల్లటి మచ్చ పడి చుట్టూ చీకటిగా ఉంటుంది, వెడల్పుగా పరుచుకునేది కావాలి. దాన్ని కెమెరా పక్కనే బిగిస్తే నీళ్లలో తేలే నలకలన్నీ వెలిగి వాన పడుతున్నట్టు కనిపిస్తాయి, అందుకని ఒక చిన్న ఆర్మ్, అంటే లైటు బిగించే కడ్డీ, పెట్టి పక్కకి, కొంచెం వెనక్కి జరపాలి. ఎంత లైటు ఉన్నా మీటరు దాటితే పెద్దగా పనిచేయదు. కాబట్టి దగ్గరికి వెళ్లండి. నీళ్లలో వస్తువులు ఉన్నదానికంటే పావు వంతు దగ్గరగా, మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి, చాలు దగ్గరికొచ్చేశాం అనిపించిన చోటు నుంచి ఇంకొంచెం వెళ్లాలి. దూరం నుంచి జూమ్ చేస్తే ఆ మధ్యలో ఉన్న నీళ్లన్నీ ఫొటోలోకి వస్తాయి.

దగ్గరికి వెళ్లండి అంటున్నానని పగడాల మీద వాలకండి. నాకు ఈ విషయంలో కోపం వస్తుంది. ఒక్క ఫొటో కోసం మోకాళ్లు ఆనించి ఏళ్ల తరబడి పెరిగిన కొమ్మని విరిచేసినవాళ్లని చూశాను. పగడాలకి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, కానీ కిందకి వచ్చి చూసే పోలీసు ఉండడు. చేతులు ఆడించకుండా నీళ్లలో ఒకేచోట తేలుతూ ఉండడం వచ్చేదాకా కెమెరా పట్టుకోకండి. మొదటి డైవ్‌కైతే అసలు వద్దు, చాలాచోట్ల ఇన్‌స్ట్రక్టర్లే వీడియో తీసి ఇస్తారు, మీరు ఊపిరి మీద దృష్టి పెట్టండి.

హౌసింగ్ కొత్తదైనా పాతదైనా హైదరాబాద్‌లోనే పరీక్షించుకుని బయల్దేరండి. కెమెరా తీసేసి, లోపల పొడి టిష్యూ కాగితం పెట్టి మూసి, బకెట్ నీళ్లలో ముంచి పైన ఏదైనా బరువు పెట్టి గంట ఉంచండి. తర్వాత అపార్ట్‌మెంట్ పూల్‌లో అడుగు దాకా తీసుకెళ్లి బటన్లన్నీ నొక్కండి. టిష్యూ ఏ మూలన తడిసిందో చూస్తే లీక్ ఎక్కడో తెలిసిపోతుంది. ఇది లోతు ఒత్తిడిని చూపించదు, కానీ వెంట్రుక, ఇసుక, చీలిన రింగు లాంటివి ఇక్కడే బయటపడతాయి. రింగుకి కంపెనీ చెప్పిన గ్రీజు పలచగా రాయాలి, ఎక్కువ రాస్తే దుమ్మంతా దానికే అంటుకుంటుంది. డైవ్ ముందు కేసుని ఏసీ గదిలోనే మూసేసి లోపల సిలికా జెల్ పొట్లం పెట్టండి, లేకపోతే దీవిలోని తేమ గాలి లోపల చిక్కుకుని, చల్లటి నీళ్లు తగలగానే అద్దానికి ఆవిరి పడుతుంది. పడవ మీద ఎండలో వదిలేయకండి. బయటికొచ్చాక మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లలో ఉండగానే బటన్లు నొక్కి ఉప్పు వదిలించండి. ఫ్లైట్‌లో అదనపు బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి.

పాత టీజీ-6 కొనేటప్పుడు రెండు మూతలూ తెరిచి చూడండి. బ్యాటరీ దగ్గర పచ్చటి తుప్పు, రబ్బరు మీద తెల్లటి ఉప్పు పొర, లెన్స్ లోపల మసక, ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. నేను చూసిన మొదటి రెండూ అలాంటివే, మూడోది దొరకడానికి రెండు నెలలు పట్టింది. హీరో 7 ఇప్పుడు మా మేనకోడలు అడుగుతోంది, ఈ శీతాకాలం ఓపెన్ వాటర్ కోర్సుకి వెళ్తోంది. హౌసింగ్‌తో పాటు రెండు కొత్త రింగులు, గ్రీజు ట్యూబు, ఎర్ర ఫిల్టర్ ఒక డబ్బాలో పెట్టి ఉంచాను, కోర్సు పూర్తయ్యాకే తీసుకెళ్లమన్నాను.