రక్తనాళాల కుట్టు సాధన పెట్టె: సరుకు మంచిదే, వెంట వచ్చిన పుస్తకమే సగం కథ

శస్త్రచికిత్స విభాగంలోని పీజీ విద్యార్థులకు రక్తనాళాలను అతికించడం నేర్పడానికి ఆన్‌లైన్‌లో తెప్పించిన ఈ పెట్టెను నెల రోజులుగా వాడుతున్నాను. 4, 6 మిల్లీమీటర్ల సిలికాన్ గొట్టాలు, గొట్టాన్ని బిగించి పట్టే చిన్న క్లాంపులు, సూదిని పట్టే నీడిల్ హోల్డర్, 6-0 అనే అతి సన్నని దారాలు ఇందులో ఉన్నాయి. గొట్టం అంచును ఫోర్‌సెప్స్‌తో గట్టిగా నొక్కితే చిరుగుతుంది. దాన్ని నేను లోపంగా లెక్కించను, ఎందుకంటే నిజమైన ధమని కూడా ఆ మొరటుతనాన్ని సహించదు. కుట్టు ముగిశాక సిరంజితో రంగునీళ్లు ఎక్కిస్తే, ఎవరి కుట్టు ఎక్కడ కారుతోందో అక్కడే తేలిపోతుంది. క్లాంపులు మాత్రం రెండు వారాలకే వదులయ్యాయి.

నా అసలు అభ్యంతరం వెంట ఇచ్చిన చిన్న పుస్తకం మీద. 1894లో లియోన్‌లో కత్తిపోటుకు గురైన ఫ్రాన్స్ అధ్యక్షుడు సాదీ కార్నో, తెగిన సిరను కుట్టగలవారు లేక మరణించడం, అది చూసి కలత చెందిన ఫ్రెంచ్ వైద్యుడు అలెక్సీ కారెల్ ఒక ఎంబ్రాయిడరీ నిపుణురాలి దగ్గర సన్నని సూదిపని నేర్చుకోవడం, 1902లో తన పద్ధతిని ప్రకటించడం, 1912లో నోబెల్ అందుకోవడం ఇందులో చక్కగా రాశారు. మూడుచోట్ల ఆధారపు కుట్లు వేసి లాగితే గుండ్రటి అంచు త్రిభుజమై, వంపులో తడబడే సూది తిన్నని గీత మీద నడుస్తుందని చూపే బొమ్మ ఎంత స్పష్టంగా ఉందంటే, మా విద్యార్థులకు ఐదారు ప్రయత్నాల్లోనే ఆ కిటుకు చేతికొచ్చింది.

కథ మాత్రం నోబెల్ దగ్గరే ఆగిపోయింది. ఇదే కారెల్ 1935లో వెలువరించిన పుస్తకంలో, ఘోర నేరాలు చేసినవారిని, నేరానికి పాల్పడిన మతిస్థిమితం లేనివారిని తగిన వాయువులతో అంతం చేసే చిన్న సంస్థలు ఉండాలని ప్రతిపాదించాడు (ఇక్కడికి వచ్చేసరికి ‘ఆయన’ అని రాయడానికి నాకు చేయి రాలేదు). మరుసటి ఏడాది జర్మన్ అనువాదానికి రాసిన ముందుమాటలో నాజీ ప్రభుత్వ చర్యలను మెచ్చుకున్నాడు. 1941లో నాజీ జర్మనీతో చేతులు కలిపిన ఫ్రాన్స్‌లోని విషీ ప్రభుత్వం నెలకొల్పిన సంస్థకు సారథ్యం వహించాడు. లియోన్‌లో అతని పేరు పెట్టుకున్న వైద్య విద్యాసంస్థే 1996లో దాన్ని తొలగించి స్టెతస్కోప్ కనిపెట్టిన లెనెక్ పేరు పెట్టుకుంది.

ఆ కుట్టును నేను మానను. మానితే నష్టపోయేది రోగి. కానీ ‘మానవాళికి అంకితమైన జీవితం’ అన్న శీర్షిక కింద ఈ విషయాలేవీ లేకపోవడాన్ని మరచిపోయారని సరిపెట్టుకోలేను. విక్రేతకు రాస్తే, అది సాంకేతిక సమాచారం కాదన్నారు. మరి కార్నో హత్య సాంకేతిక సమాచారమా?

పెట్టెకు నాలుగు నక్షత్రాలు, పుస్తకానికి ఒకటి. మిగిలిన సంగతులు ఒక కాగితం మీద రాసి ఆ పేజీకి అంటించాను. అదనపు గొట్టాలు విడిగా దొరుకుతాయి. క్లాంపులు మాత్రం వేరేచోట కొనుక్కోండి.