సొంత పాటల కచేరి, నెల్లూరు: ముందొచ్చిన డప్పోళ్లు కొట్టేశారు

మాగుంట లేఅవుట్ వైపు ఒక చిన్న హాల్లో జరిగింది, టికెట్ 399. సినిమా పాటలు కాదబ్బా, ఎవరి పాటలు వాళ్లే రాసుకుని పాడుకునే బాపతు. మనకాడ ఇట్టాంటివి తక్కువే, సంగీత పాఠశాలకి 2020లో బాలు గారి పేరు పెట్టుకున్న ఊరు మరి, స్టేజీ మీద గిటారు కనపడగానే వెనకనించి ఎవడో ఒకడు సినిమా పాట అడుగుతానే ఉంటాడు. ఆ రోజూ అడిగారు.

ముందు పాడింది కందుకూరు వైపు అక్కాతమ్ముళ్లు. అక్క పాట, తమ్ముడు డప్పు, పక్కన ఒకతను గిటారు, అంతే. షోకి ముందు పార్కింగ్‌లో కాగితాలు అంటించి డప్పు కాచుకుంటుంటే సెక్యూరిటీ ఆయన పరిగెత్తుకొచ్చాడు, ఏసీలో తోలు మెత్తబడితే మోత రాదు సామీ అని సర్దిచెప్పారు. గొబ్బి పాట వరసలో రొయ్యల షెడ్డు ఆడోళ్ల మీద కొత్త మాటలు కట్టారు, ఐసులో మొద్దుబారిన వేళ్లు, కిలో లెక్కన కూలి, తెల్లారకముందే వచ్చే ఆటో, అన్నీ ఉన్నాయి అందులో. గొబ్బియళ్లో అనగానే వెనక వరసలో ఒక పెద్దావిడ అందుకుంది, ఇంక ఆగుద్దా, హాలంతా పాడింది.

ఆ తర్వాత వచ్చిన అసలాయన, కావలి కుర్రాడే, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటాడంట, మొదటి మూడు నాలుగు పాటలు నిజంగా విసిగించాడు. ల్యాప్‌టాప్‌లో డ్రమ్స్ పెట్టుకుని దానిమీద గిటారు, గొంతుకి రివర్బ్, అదే గుడిలో పాడినట్టు మోగించే ఎఫెక్టు, ఎంత దట్టించారంటే ఒక్క మాట అర్థమైతే ఒట్టు, మధ్యలో స్టేజీ మీది మానిటర్ స్పీకరు కుయ్యోమని అరుపు ఒకటి. సొంతంగా రాసుకునేవాడికి మాటలేగా ఆస్తి, అవే వినపడకపోతే 399 దేనికి?

ఆయనకీ తెలిసినట్టుంది, ల్యాప్‌టాప్ మూసేసి, మిక్సర్ దగ్గర అన్నని రివర్బ్ తీసెయ్యమని, ఒక్క గిటారుతో మొదలెట్టాడు. పినాకిని ఎక్స్‌ప్రెస్ పాట ఒకటుంది, చెన్నైలో ఎక్కి నిలబడే వస్తాడు, గూడూరు దాటుద్ది, నెల్లూర్లో సీటు ఖాళీ అవుద్ది, ఇంక కావలేగా కూర్చోడం ఎందుకులే అని తలుపు దగ్గరే ఉండిపోతాడు. నాలుగు లైన్లే, ట్యూన్ కూడా పెద్దగా తిప్పలా, కానీ చెన్నైలో డ్యూటీ చేసొచ్చినోళ్లు నా చుట్టూ చానామంది, ఎవరూ ఫోన్ తీయలేదు. అక్కణ్ణించి చివరిదాకా బాగుంది.

ఆఖర్లో డప్పు తమ్ముణ్ణి పిలిచి కలిసి ఒకటి వాయించారు. ప్రాక్టీస్ లేదని తెలిసిపోతానే ఉంది, డప్పు పరిగెడతంది, గిటారు వెనకబడతంది, అయినా నాకు నచ్చింది.

డప్పోళ్లకి 5కి 4.5, ఆయనకి 3.5, సౌండ్‌కి 2. ఒంగోల్లో కూడా పెడతారంటున్నారు, వెళ్తే మాత్రం లేటుగా పోబాకండి, ముందు పాడేవాళ్లు మిస్సయితే సగం డబ్బులు పోయినట్టే. సీటు నంబర్లు లేవు, స్పీకర్ల ముందు వద్దు, మధ్యలో చూసుకోండి.