టీ-రెక్స్ 450 రకం హెలికాప్టర్: ఎగరడం సరే, స్పేర్ల మాటేంటి?

రిమోట్ హెలికాప్టర్ల మీద వచ్చే సమీక్షలు దాదాపు అన్నీ ఎగిరే సంగతే చెబుతాయి. గాల్లో ఎంత నిలకడగా ఉంది, బ్యాటరీ ఎన్ని నిమిషాలు ఆగింది, బోర్లా తిప్పితే ఎలా ఉంది, ఇంతే. ఇది పడ్డాక సంగతి. తైవాన్ కంపెనీ అలైన్ 2000ల మధ్యలో తెచ్చిన టీ-రెక్స్ 450, దాన్ని చూసి చైనాలో పుట్టిన టారో వగైరా కాపీలు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కంటబడుతున్నాయి. నెల్లూరులోనో ఒంగోలులోనో ఉండి వీటిని కొంటే ఇంకో అయిదేళ్లు, పదేళ్లు నడుపుకోగలమా అన్నదే ప్రశ్న.

నడుపుకోగలరు. ఈ సైజులో ఇంత తేలిగ్గా బతికించుకోగల మెషీన్ ఇంకోటి లేదు. అయితే అందులో కంపెనీ గొప్ప కొంతే. కాపీలు లెక్కలేనన్ని రావడం వల్ల ఈ సైజు షాఫ్టులు, గేర్లు, లింకులు పదిమంది తయారుచేసే సరుకయ్యాయి. అలైన్ తర్వాత 450ఎల్, 470 అంటూ ముందుకు పోయినా పాత 450 అనాథ కాకపోవడానికి కారణం ఇదే. కాపీ కొట్టడం తప్పో ఒప్పో గాని, స్పేర్ల విషయంలో మాత్రం మనకు మేలే చేసింది.

చిక్కల్లా 450 అనే పేరు దగ్గరే. అది ఒకే మెషీన్ కాదు. పాత ఎస్ఈ, స్పోర్ట్ వరసలో మెయిన్ గేర్‌కు 150 పళ్లు, మోటారు పినియన్‌కు (మోటారు మీది చిన్న గేరుకు) 13 పళ్లు, అంటే నిష్పత్తి 11.54. తర్వాత వచ్చిన ప్రో వరసలో మెయిన్ గేర్ 121 పళ్లది. పళ్ల సైజు కూడా వేరు, కాబట్టి దీని పినియన్ దానికి పనికిరాదు. బలవంతంగా బిగిస్తే ఇంటి దగ్గర చేత్తో తిప్పినప్పుడు బాగానే ఉంటుంది, థ్రాటిల్ పెంచగానే నిమిషంలో ప్లాస్టిక్ పొడి రాలుతుంది. ఆన్‌లైన్‌లో '450కి సరిపోతుంది' అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. మీ గేర్ మీద ఒక పన్నుకు స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టి, అక్కణ్ణించి ఒక చుట్టు లెక్కపెట్టి, ఆ సంఖ్య చూసి ఆర్డరు పెట్టండి. రోటర్ హెడ్ కూడా మూడు రకాలు: ఫ్లైబార్ (హెడ్‌ను నిలకడగా ఉంచే అడ్డ కడ్డీ) ఉన్నది, లేనిది, లింకులు నేరుగా బ్లేడ్ గ్రిప్పులకే బిగిసే డీఎఫ్‌సీ. స్పిండిల్ (రెండు బ్లేడ్లనూ కలిపే అడ్డ ఇరుసు), లింకులు ఒకదానివి ఇంకోదానికి కుదురుతాయన్న భరోసా లేదు. ముచ్చటగా అన్నిట్లోనూ కలిసేది 5 మిల్లీమీటర్ల మెయిన్ షాఫ్టు మందం. పొడవు, బోల్టు రంధ్రాల చోటు మాత్రం మళ్లీ కొలుచుకోవాల్సిందే.

ఇక తోక. బెల్టుతో తిరిగేదా, టార్క్ ట్యూబుతో తిరిగేదా అన్నది స్పేర్ల ఖర్చును సగం నిర్ణయిస్తుంది. తోక రెక్క గడ్డికి తగిలితే బెల్టు రెండు పళ్లు జారి ఊరుకుంటుంది. టార్క్ ట్యూబులో అదే దెబ్బకు చివర ఉన్న బెవెల్ గేర్లు అరుగుతాయి, ఒక్కోసారి ముందూ వెనకా రెండు జతలూ పోతాయి. నేర్చుకునేవాళ్లకు బెల్టే మేలు. దాంతో ఇబ్బంది ఒక్కటే. బూమ్‌లోంచి, అంటే తోక గొట్టంలోంచి, పోయేటప్పుడు అది పావు చుట్టు మెలి తిరిగి ఉంటుంది, ఆ మెలి ఎదురు వైపుకు పడితే తోక రోటర్ ఎదురు దిశలో తిరుగుతుంది. ఎగరేయగానే హెలికాప్టర్ బొంగరంలా తిరిగి పడిపోతుంది, నింద మాత్రం తోకను నిలకడగా పట్టే గైరో మీదకు పోతుంది. బెల్టు మార్చాక మెయిన్ రోటర్‌ను చేత్తో తిప్పి, తోక ఎటు తిరుగుతోందో చూడకుండా బ్యాటరీ పెట్టకండి.

దిగేటప్పుడు పక్కకు ఒరిగిందనుకోండి. ఏవేవి పోతాయో, ఏ వరసలో పోతాయో తెలిస్తే డబ్బాలో ఏం ఉంచుకోవాలో కూడా తెలుస్తుంది. ముందు 325 మిల్లీమీటర్ల మెయిన్ బ్లేడ్లు నేలను కొట్టి ఆగిపోతాయి. మోటారు మాత్రం ఆగదు. ఆగిన గేర్ మీద పినియన్ తిరుగుతూ ఒకే చోట నాలుగైదు పళ్లు చెక్కేస్తుంది. బ్లేడు కిందికి వంగి బూమ్‌ను కొడుతుంది. స్పిండిల్ వంగుతుంది, పై బేరింగుకు ఎగువన మెయిన్ షాఫ్టు వంగుతుంది, ఆ కుదుపు లింకుల్లోంచి సర్వోల్లోకి (బ్లేడ్ల కోణం మార్చే చిన్న మోటార్లలోకి) పోయి ప్లాస్టిక్ గేర్లను విరుస్తుంది. ఇంత వరసలోంచి మెయిన్ గేర్‌నూ మోటారునూ కాపాడేది రేడియో (రిమోట్) మీద ఉన్న, మోటారును ఆపేసే థ్రాటిల్ హోల్డ్ స్విచ్చే. నేల తగలకముందే అది వేస్తే ఒక గేరు, ఒక్కోసారి స్పీడ్ కంట్రోలర్ కూడా మిగిలినట్టే. స్టిక్ కిందికి లాగుదాం లెమ్మనుకుంటే బోర్లా ఎగరేయడానికి వాడే ఐడిల్-అప్ మోడ్‌లో మోటారు ఆగదు సరికదా, బ్లేడ్లు నెగెటివ్ పిచ్‌లోకి, అంటే కిందికి తోసే కోణంలోకి, పోయి హెలికాప్టర్ ఇంకా గట్టిగా నేలను గుద్దుతుంది.

పడ్డ తర్వాత 'కంటికి బాగానే ఉంది' అనే మాటకు విలువ లేదు. షాఫ్టు, స్పిండిల్ విప్పి అద్దం మీద వేలితో దొర్లించండి. నిటారుగా ఉంటే సాఫీగా పోతుంది. వంగి ఉంటే ప్రతి చుట్టులో ఒకచోట తడబడుతుంది, కింద సన్నటి వెలుతురు గీత మూసుకుంటూ తెరుచుకుంటూ కనిపిస్తుంది. అలాంటిదాన్ని సుత్తితో సరిచేసి వాడొద్దు, పారేయండి. స్పిండిల్‌కు అటూ ఇటూ ఉండే రబ్బరు డ్యాంపర్లను కూడా అప్పుడే చూడాలి. రోళ్లు పగిలే రోహిణి ఎండలో కారు డిక్కీలో పెట్టి తిప్పితే అవి తొందరగా గట్టిపడతాయి. గట్టిపడితే గాల్లో నిలబెట్టినప్పుడు హెడ్ వణుకుతుంది. వాటికి సిలికాన్ గ్రీజే రాయాలి, పెట్రోలియం గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బుతుంది.

బేరింగుల విషయంలో మాత్రం అసలు బెంగ అక్కర్లేదు. కంపెనీ ప్యాకెట్‌లోదే కావాలని పట్టుబట్టడం డబ్బు దండగ. పాత బేరింగు రేకు మీద నంబరు ఉంటుంది, చెరిగిపోతే వెర్నియర్‌తో కొలవండి. లోపలి రంధ్రం 5, బయట 10 మిల్లీమీటర్లయితే ఎంఆర్105. 4, 8 అయితే ఎంఆర్84. 3, 8 అయితే 693. 5, 11 అయితే 685. మందం కూడా రాసుకోండి. ఒకే నంబరు రేకు మూత ఉన్నదానికీ లేనిదానికీ మందం మారవచ్చు. మన జిల్లాల్లో బేరింగు షాపులంటే ట్రాక్టర్లకీ రొయ్యల చెరువు ఏరియేటర్లకీ సరిపోయే సైజులే అరల నిండా ఉంటాయి. 693 అని అడిగితే ఎగాదిగా చూస్తారు. కాగితం మీద నంబరు రాసిచ్చి, చెన్నై సరుకుతో పాటు తెప్పించమనండి, అంతే. మైపాడు, కొత్తపట్నం వైపు తీరంలో ఎగరేసేవాళ్లు తోక షాఫ్టు బేరింగులు రెండు జతలు ఎక్కువే పెట్టుకోవాలి. ఇసుక, ఉప్పుగాలి ముందు దూరేది అక్కడికే.

వన్‌వే బేరింగు వేరే కథ. మెయిన్ గేర్ మధ్యలో ఉండే ఇది మోటారు ఆగినా రోటర్‌ను తిరగనిస్తుంది. అరిగినా, చిక్కటి గ్రీజు దట్టంగా పూసినా లోపలి రోలర్లు పట్టు తప్పుతాయి. మోటారు గట్టిగా అరుస్తుంది, రోటర్ మాత్రం నీరసంగా తిరుగుతుంది. కొత్తది కొనేముందు పెట్రోలుతో కడిగి, ఒక్క చుక్క పల్చటి నూనె వేసి చూడండి.

లేత్ షాపులో చేయించుకోవచ్చా అంటే, మెయిన్ షాఫ్టుకు వద్దు. ఎమ్మెస్ రాడ్డు 5 మిల్లీమీటర్లకు తిప్పి రంధ్రం వేసివ్వడం టర్నర్‌కు పెద్ద పనేం కాదు. కానీ అది మెత్తటి ఇనుము, మొదటి ఒరుగుడికే వంగుతుంది. పైగా హెడ్‌ను పట్టుకునే బోల్టు రంధ్రం వెంట్రుకవాసి పక్కకు పోయినా తూకం చెడుతుంది. హెలికాప్టర్ వాళ్లు ఆ బోల్టును జీసస్ బోల్టు అంటారు. అది ఊడితే ఇక దేవుణ్ణి తలుచుకోవడమే అన్న అర్థంలో. 12 మిల్లీమీటర్ల తోక బూమ్‌కు బదులు అల్యూమినియం షాపులో గొట్టం కోయించుకోవడం కొంత నయం. గొట్టం మందం ఎక్కువైతే తోక బరువెక్కి, బ్యాటరీని ముందుకు జరపాల్సి వస్తుంది, జరపడానికి క్యానపీలో (ముందరి తొడుగులో) చోటుండదు. పాత ముక్కనూ కొత్త ముక్కనూ తూకం వేసి చూసుకోండి.

త్రీడీ ప్రింటింగుకు కూడా హద్దుంది. ల్యాండింగ్ స్కిడ్లు, తోక ఫిన్ను, బ్యాటరీ ట్రే, సర్వో బ్రాకెట్టు ధైర్యంగా ప్రింట్ చేయించుకోవచ్చు. బ్లేడ్లను పట్టుకునే గ్రిప్పులు, హెడ్, సర్వోల కదలికను బ్లేడ్లకు అందించే స్వాష్‌ప్లేట్ జోలికి పోవద్దు. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. రోటర్ నిమిషానికి 2800 చుట్లు తిరుగుతోంది, బ్లేడు బరువు 30 గ్రాములు, దాని బరువు మధ్యం షాఫ్టుకు 19 సెంటీమీటర్ల దూరంలో ఉంది అనుకోండి. ఒక్కో బ్లేడు బయటికి లాగే బలం దాదాపు 490 న్యూటన్లు, అంటే 50 కిలోల వడ్ల బస్తా వేలాడదీసినంత. పొరలు పొరలుగా అంటించిన ప్లాస్టిక్ గ్రిప్పుకు ఆ బస్తాను వేలాడదీసి, దాని పక్కన మొహం పెట్టి నిలబడతారా?

ఎలక్ట్రానిక్స్‌కు కంపెనీతో పనే లేదు. స్పీడ్ కంట్రోలర్, రిసీవర్, ఫ్లైబార్‌లెస్ యూనిట్ (ఫ్లైబార్ పని చేసే ఎలక్ట్రానిక్ పెట్టె) ఏ బ్రాండుదైనా సరిపోతుంది. కనెక్టర్లు, వైర్లు చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. సర్వో గేర్ల సెట్టు మాత్రం ఆ మోడల్‌దే కావాలి. మోడల్ ఆగిపోతే స్వాష్‌ప్లేట్ సర్వోలు మూడూ ఒకేసారి మార్చండి, వేగాలు తేడా ఉంటే స్వాష్ వాలుతూ కదులుతుంది. తోక సర్వో మార్చేటప్పుడు దానికి కావాల్సిన సిగ్నల్ పల్స్ నిడివి చూసుకోండి. కొన్ని 1520 మైక్రోసెకన్లవి, కొన్ని 760వి. గైరోలో 760 సర్వోకు 1520 సెట్టింగు పెడితే అది ఒక చివరకు పోయి గోడకు ఆనుకుని, వేడెక్కి కాలిపోతుంది.

బ్యాటరీ 3ఎస్ (మూడు సెల్లులది), 2200 ఎంఏహెచ్. డ్రోన్లకూ మోడల్ విమానాలకూ వాడే సైజే కాబట్టి అందుబాటుకు ఢోకా లేదు. అయితే ఇది నిల్వ పెట్టుకునే స్పేరు కాదు. వాడకపోయినా ముసలిదవుతుంది, ఎండాకాలం ఇంకా తొందరగా. రెండుకు మించి కొనొద్దు. వారం పాటు ఎగరేయకపోతే సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి.

దిగుమతి సంగతి ఒకటుంది. 2022 ఫిబ్రవరి 9న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ పూర్తిగా తయారైన డ్రోన్లనే కాదు, విడదీసి కిట్‌గా పంపేవాటిని కూడా దిగుమతి చేసుకోకుండా నిషేధించింది. విడి పరికరాలకు అనుమతి అక్కర్లేదంది. డ్రోన్ నిబంధనల్లో రోటార్‌క్రాఫ్ట్ కూడా ఒక రకమే కాబట్టి, బయటి నుంచి నిండు హెలికాప్టరో, కిట్టో తెప్పించుకుంటే కస్టమ్స్‌లో ఇరుక్కునే ప్రమాదముంది. గేర్లు, షాఫ్టులు చిన్న పొట్లంగా తెప్పించుకోవడం వేరు. అందుకే ఇక్కడ ఇప్పటికే ఉన్న మెషీన్‌ను కొని, స్పేర్లతో నడుపుకోవడం తెలివైన దారి. షిప్పింగు ఖర్చు ఒక్క గేరుకైనా పదింటికైనా పెద్ద తేడా ఉండదు. ఏడాదికి సరిపడా ఒకేసారి రాసుకుని తెప్పించుకోండి.

నేర్చుకునే దశలో ఆ ఏడాది లెక్క ఇలా ఉంటుంది: స్పిండిళ్లు నాలుగు, మెయిన్ షాఫ్టులు నాలుగు, మెయిన్ గేర్లు మూడు, బూమ్‌లు రెండు, బెల్టు ఒకటి, బ్లేడ్లు మూడు జతలు, తోక బ్లేడ్లు నాలుగు జతలు, డ్యాంపర్లు రెండు సెట్లు, బాల్ లింకులు ఒక ప్యాకెట్టు. మొదట్లో ఖరీదైన కార్బన్ బ్లేడ్లు వద్దు. చెక్కవి విరిగితే విరుగుతాయి, కొంత దెబ్బను అవే మింగుతాయి. ఎం2, ఎం2.5, ఎం3 అలెన్ స్క్రూలు, నీలం థ్రెడ్‌లాక్ ఎలాగూ ఉండాలి. థ్రెడ్‌లాక్ ఇనుము ఇనుములోకి పోయే చోటే, ప్లాస్టిక్‌లోకి పోయే స్క్రూకు రాస్తే ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి చిట్లుతుంది.

బొమ్మ హెలికాప్టర్లతో పోల్చడం న్యాయం కాదు గాని, అడిగేవాళ్లున్నారు. సైమా ఎస్107 లాంటివి కోకొల్లలుగా అమ్ముడవడం వల్ల బ్లేడ్లు, బ్యాలెన్స్ బారు చాలాకాలం దొరికాయి. ఇన్‌ఫ్రారెడ్ రిమోటు కాబట్టి ఎండలో సిగ్నల్ అందదు, ఇంట్లోకే. పేరూ ఊరూ లేని బొమ్మల్లో సర్క్యూట్ బోర్డు పోతే ఇక అంతే. అందులోనే రిసీవరు, గైరో, మోటారు కంట్రోలు అన్నీ కలిపి ఉంటాయి, బయటిది ఏదీ అమరదు.

సెకండ్ హ్యాండ్ 450 చూడ్డానికి వెళ్లేటప్పుడు వెర్నియర్, చిన్న అద్దం ముక్క, 1.5, 2 మిల్లీమీటర్ల అలెన్ కీలు జేబులో పెట్టుకోండి. గేరు పళ్లు లెక్కపెట్టండి, స్పిండిల్ విప్పనివ్వమని అడగండి. విప్పనివ్వకపోతే అది వంగి ఉందన్న లెక్కతోనే బేరమాడండి. ఫ్రేము కార్బన్ పలకల్లో బేరింగు బ్లాకుల చుట్టూ పొరలు విచ్చుకున్నాయేమో గోటితో గీరి చూడండి. మిగతావన్నీ దొరుకుతాయి గాని, కాపీ మెషీన్ల ఫ్రేముల్లో రంధ్రాలు ఒకదానికొకటి కలవవు. అమ్మేవాళ్లు ఇస్తామన్న స్పేర్ల డబ్బా అక్కడే తెరిపించండి. సీలు తీయని షాఫ్టులు, గేర్లు ఉంటే వాటికి డబ్బివ్వండి. ఇంకో క్యానపీ, స్టిక్కర్లు, అంచులు చిట్లిన బ్లేడ్లు ఉంటే ఊరికే ఇమ్మనండి.