గేటు కోసం తెచ్చాం, మంచమెక్కింది: డాబర్‌మ్యాన్‌తో పన్నెండేళ్లు

2013 వేసవిలో మా గుంటూరు వీధిలో వరసగా రెండిళ్లలో దొంగలు పడ్డారు. ఒకళ్లు పెళ్లికి వెళ్లొచ్చేసరికి బీరువా ఖాళీ. మా బావమరిది వచ్చి, "బావా, ఊరకుక్క అరిచి చావాలి. డాబర్‌మ్యాన్ అయితే కనిపిస్తే చాలు" అన్నాడు. ఆ మాట పట్టుకుని జూన్‌లో 50 రోజుల పిల్లను 18 వేలు పోసి తెచ్చాం. నల్లగా నిగనిగలాడుతున్నాడని మా అమ్మాయి బొగ్గు అని పేరు పెట్టింది. 'కుక్క ఉన్నది జాగ్రత్త' బోర్డు నేను ముందురోజే తగిలించేశాను. గేటు పక్కన సిమెంటు రేకు వేయించి గూడు కూడా కట్టించాను. మేస్త్రీకి మూడు రోజుల కూలి. ఆ గూట్లో వాడు ఒక్క రాత్రి కూడా నిద్రపోలేదు. ఇప్పుడందులో పూలకుండీలు, ఎరువు బస్తా ఉంటున్నాయి.

మొదటి మూడు రాత్రులు కట్టేసి చూశాం. తెల్లార్లూ ఒకటే ఏడుపు. నాలుగో రోజు మా అమ్మే, కుక్క గడప తొక్కితే పసుపునీళ్లు చల్లే మనిషి, "పసిగుడ్డునలా కట్టేస్తారట్రా, లోపలికి తీసుకురా" అంది. అలా హాల్లోకి వచ్చాడు. నెల తిరక్కుండా పడగ్గదిలోకి, ఏడాది నిండేలోపు మంచమ్మీదకి.

ఎందుకిలా అంటుకుపోతున్నాడో తర్వాత చదువుకుంటే అర్థమైంది. ఈ జాతికి మూలపురుషుడు లూయీ డాబర్‌మన్ అనే జర్మన్. 19వ శతాబ్దం చివర్లో అపోల్డా అనే చిన్న ఊళ్లో శిస్తులు వసూలు చేసేవాడు, వీధికుక్కల్ని పట్టే పనీ చూసేవాడంటారు. డబ్బు సంచితో తిరిగే మనిషికి పక్కనే నడిచే కుక్క కావాలి. (మన కరణాలకి వెంట వెట్టివాళ్లుండేవారు కాబట్టి ఈ అవసరం పడినట్టు లేదు.) అంటే ఇది ఆవరణను కాసే కుక్క కాదు, మనిషిని కాసే కుక్క. గేటు దగ్గర కట్టేసి మనం లోపల టీవీ చూస్తుంటే, దాని లెక్కలో అది డ్యూటీ ఎగ్గొట్టినట్టే. ఇప్పటికీ ఎవరైనా "కాపలాకి కొందామనుకుంటున్నాం, బయటే ఉంచుతాం" అని సలహా అడిగితే, రెండు సీసీ కెమెరాలు పెట్టుకోమని చెప్తాను. తిండి ఖర్చన్నా మిగుల్తుంది.

లోపల ఉంచుకునేవాళ్లకి మాత్రం ఏకాంతం అనేది మర్చిపోవడమే. బాత్రూమ్ తలుపు కింద సందులోంచి ముక్కు కనబడుతుంది. వంటింట్లో నిలబడితే వచ్చి పిక్కకి ఆనుకుని 40 కిలోల బరువూ మన మీదే వదిలేస్తాడు. మా ఆవిడ పప్పు తాలింపు వేస్తూ "తప్పుకో బొగ్గూ" అనని రోజు లేదు. ఇంత ఆకారమూ కుక్కర్ విజిల్‌కి పరుగు. దీపావళి వారమంతా మంచం కింద కాపురం.

"ఏడో ఏట మెదడు పెరిగిపోయి పెంచినవాణ్నే కరుస్తుందట కదా?" ఈ ప్రశ్న నన్నడగని చుట్టం లేడు. ఏ కుక్క మెదడూ పుర్రెను మించి పెరగదు. ఇది ఎవరో పుట్టించిన కబురు. ఏడో ఏడు వచ్చింది, వెళ్లింది, బొగ్గు మారిందల్లా మూతి చుట్టూ నెరవడమే. అయితే తప్పు నా వైపు కూడా చెప్పాలి. ఒకసారి గేటుకి తాళం వేయడం మర్చిపోయాను. కరెంటు మీటరు చూసే కుర్రాడు నేరుగా లోపలికొచ్చాడు. బొగ్గు పన్ను ఆనించలేదు. గోడకి ఆనించి నిలబెట్టి, పది నిమిషాలు కన్నార్పకుండా చూస్తూ, కదిలితే గుర్రుమన్నాడు. నేనొచ్చి, కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేదాకా ఆ అబ్బాయి చేతులు వణుకుతూనే ఉన్నాయి. మంచి కుక్క ఉంటే సరిపోదు, దాని వెనక తాళం మర్చిపోని మనిషి కూడా ఉండాలని ఆరోజు తెలిసింది.

శిక్షణ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చాలా త్వరగా నేర్చుకుంటాయి, చెడ్డవి ఇంకా త్వరగా నేర్చుకుంటాయి. నాలుగు నెలలు నిండేలోపే ఆటోలు, గొడుగులు, స్కూలు పిల్లలు, గడ్డం మనుషులు, అన్నీ చూపించేయాలి. చెయ్యి చేసుకుంటే పనికిరాదు. గట్టిగా అరిచినందుకే బొగ్గు ఒక పూటంతా మా అమ్మ మంచం దగ్గర అలిగి కూర్చునేవాడు. చిన్నపిల్లలున్న ఇంట్లో భయం కాటు గురించి కాదు, తోపు గురించి. సంతోషం పట్టలేక తిరిగితే రెండేళ్ల పిల్ల వెల్లకిలా పడుతుంది.

రోజుకి గంటన్నర నడక, పరుగు లేకపోతే ఇంటిని తింటాయి. ఇది పోలికగా చెప్పడం లేదు. మొదటి ఏడాది పోయినవి: చెప్పులు ఆరు జతలు (అన్నీ ఎడమవే, ఎందుకో), టీవీ రిమోట్, ఉయ్యాలబల్ల అంచు, ఇంటిపన్ను రసీదు. రసీదు పోయిన సంగతి శిస్తు వసూలు చేసినాయన వారసుడి మీద ఎలా ఫిర్యాదు చేస్తాం.

మన ఎండలు వీటికి పడవు. మే నెలలో తెల్లవారుజామున ఐదింటికే నడక ముగించాలి. తారురోడ్డు మీద అరచేయి వెనక్కి తిప్పి ఆనించి చూస్తాను. ఐదు సెకన్లు నేను ఓర్చుకోలేకపోతే వాడి పాదాలూ ఓర్చుకోలేవు. మధ్యాహ్నం ఏసీ గదిలోనే. మా కరెంటు బిల్లు వేసవిలో రెండింతలైంది. చలికీ అంతే, ఒంటిమీద ఒకే పొర వెంట్రుక. సంక్రాంతి రోజుల్లో మనతోపాటు దుప్పటి కావాలి. వాన పడిందా, వరండా చివర నిలబడి నా మొహంలోకి చూస్తాడు. గొడుగు పట్టుకుని నేను తడిస్తేనే వాడు పని కానిచ్చుకునేవాడు.

తిండి రెండు పూటలా: అన్నం, ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, పెరుగు, కొంచెం రాగి జావ. ఛాతీ లోతుగా ఉండే ఈ కుక్కలకి కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఒకేసారి కుక్కి పెట్టకూడదు, తిన్నాక ఒక గంటైనా గెంతనివ్వకూడదు. ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ, చాక్లెట్ ఇంట్లో ఎవరూ పెట్టకూడదని మా అమ్మకి నచ్చజెప్పడానికి ఏడాది పట్టింది. ప్రసాదంలో కిస్‌మిస్ ఏరి పారేసి పెట్టడం ఆవిడే మొదలుపెట్టింది తర్వాత. అన్నీ కలిపి నెలకి 7 వేలు దాటుతుంది, మందులు కాక.

పిడుదులు, కొన్నిచోట్ల గోమార్లంటారు, మన ప్రాంతంలో అసలు శత్రువు. 2016లో బొగ్గు రెండు రోజులు ముద్ద ముట్టలేదు, చిగుళ్లు తెల్లబడ్డాయి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్నాయి, టిక్ ఫీవర్. 28 రోజులు డాక్సీసైక్లిన్ మింగించాం. అప్పట్నుంచి చెవుల లోపల, వేళ్ల సందుల్లో రోజూ రాత్రి వెతకడం మా ఇంట్లో పేలు చూడడం లాంటి కార్యక్రమం.

తోక మేం తెచ్చేసరికే కోసేసి ఉంది, పుట్టిన వారంలోపే కోసేస్తారు. చెవులు మాత్రం కోయించలేదు. జర్మనీలోనే రెండూ నిషేధం. అందంకోసం మత్తిచ్చి కోయడం నావల్ల కాదన్నాను. దాంతో పన్నెండేళ్లుగా "ఇదేం డాబర్‌మ్యాన్ అండీ, చెవులు వాలిపోయాయి" అనే మాట వింటూనే ఉన్నాను. 'బ్లూ' డాబర్‌మ్యాన్, అరుదైన రంగు అని ఎక్కువ ధర చెప్పేవాళ్లుంటారు. ఆ పలచన రంగుల్లో చాలావాటికి వెంట్రుకలు ఊడిపోయే చర్మపు జబ్బు వస్తుంది. కొనకండి.

2024 మార్చిలో కేంద్రం 23 రకాల కుక్కల అమ్మకం, పెంపకం ఆపమని రాష్ట్రాలకు రాసినప్పుడు పక్కింటాయన పేపరు పట్టుకుని వచ్చారు. రాట్‌వీలర్ పేరుంది, డాబర్‌మ్యాన్ పేరు లేదు. కాస్త నిరాశగానే వెళ్లిపోయారు. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ సర్క్యులర్‌ని కొట్టేసింది కూడా.

ఇంతసేపూ అందరూ భయపడే నోటి గురించే రాశాను. భయపడాల్సింది గుండె గురించి.

2021 మేలో బొగ్గు రాత్రిళ్లు దగ్గడం మొదలుపెట్టాడు. గడ్డి పరకేదో ఇరుక్కుందనుకున్నాం. మేం చూపించిన మొదటి డాక్టరు మూడు వారాలు దగ్గు సిరప్ ఇచ్చారు. నడకలో సగం దూరానికే కూర్చుండిపోయేవాడు. జూన్‌లో ఒకరోజు మెట్ల దగ్గర కుప్పకూలి, నిమిషంలో లేచి తోక మొండి ఊపాడు. అప్పుడు వేరేచోట గుండె స్కానింగ్ చేయిస్తే గుండె సాగి, కండరం పలచబడి, కొట్టుకోవడంలో బలం లేదని తేలింది. డైలేటెడ్ కార్డియోమయోపతి. యూరప్ డాబర్‌మ్యాన్ల మీద 2010లో వచ్చిన ఒక పరిశీలనలో సుమారు 58 శాతం కుక్కలకి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుందని తేలింది. నాకీ సంగతి కుక్కను అమ్మినాయన చెప్పలేదు, ఎనిమిదేళ్లు సూదులు వేసిన వాళ్లెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. కొన్ని కుక్కలైతే ఏ లక్షణమూ కనబడకుండానే పరుగులో పడి పోతాయట.

పిమోబెండాన్ మాత్ర రోజుకి రెండుసార్లు, తిండికి గంట ముందు. ఊపిరితిత్తుల్లో నీరు తగ్గడానికి ఇంకో మాత్ర. మా అమ్మాయి ఇంటర్ పుస్తకం వెనక పట్టీ గీసి టిక్కులు పెట్టేది. ఏడు నెలలు బతికాడు. ఆ ఏడు నెలల్లో ఐదు బాగానే గడిచాయి, అన్నం తిన్నాడు, అలిగాడు, కుక్కర్‌కి భయపడ్డాడు. 2022 జనవరిలో, పండగ వెళ్లిన వారానికి, మా అమ్మ మంచం పక్కన పడుకున్నవాడు తెల్లారేసరికి లేడు.

మళ్లీ వద్దనుకున్నాం. ఆగస్టులో కుంకుడు వచ్చింది. గోధుమరంగు ఆడపిల్ల, నానబెట్టిన కుంకుడుకాయ రంగు. ఈసారి పిల్లను చూడకముందే తల్లిదండ్రుల గుండె పరీక్షల కాగితాలు అడిగాను. ముగ్గురు నవ్వారు. నాలుగో ఆయన నవ్వలేదు, తల్లి స్కానింగ్ ఒకటి చూపించాడు, తండ్రిది లేదన్నాడు. అబద్ధం చెప్పనందుకు అక్కడే తీసుకున్నాను. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే ముందు, ఈ జాతిలో రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బు ఉంటుంది కాబట్టి, డాక్టరు గారు పైపెదవి లోపల చిన్న గాటు పెట్టి గడియారం చూసి మరీ మొదలుపెట్టారు. అలాంటి డాక్టరు దొరికితే ఊరు మారకండి.

మూడేళ్లు నిండాక ఏటా స్కానింగ్‌తోపాటు హోల్టర్ కూడా చేయించడం మేలంటారు. అంటే ఒక పెట్టెను ఒంటికి జాకెట్టులా కట్టి 24 గంటలూ గుండె కొట్టుకునే తీరు రాయడం. దానికి చెన్నై వెళ్లాం, కారులో వెనక సీటంతా కుంకుడుదే. పెట్టె కట్టి పంపుతూ, రోజంతా ఏం చేస్తోందో టైముతో సహా రాయమన్నారు. మా అమ్మాయి రాసిన కాగితం నా దగ్గరే ఉంది:

"4.10 పడుకుంది. 5.35 లిఫ్ట్ చూసి మొరిగింది. 7.20 పెద్దమ్మ వాళ్లింట్లో కుక్కర్ రెండు విజిల్స్, సోఫా వెనక్కి పరుగు. 7.25 నాన్న ఒళ్లో తల. 8.40 ఇంకా అక్కడే."

తప్పు కొట్టుకోవడాలు 24 గంటల్లో 300 దాటితే జబ్బు కిందే లెక్కట. కుంకుడికి 11 వచ్చాయి. మళ్లీ పరీక్ష వచ్చే ఏడాదే.